మడికి ఆకుకప్పు: ఒక చిన్న లెక్క

మన పాఠశాల వెనుక, నీళ్ళతొట్టి ప్రక్కన, పిల్లలు పెంచుచున్న వంగమడి యొకటి కలదని మీలో చాలమంది యెఱుగుదురు. దాని పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. చూచుటకు చిన్న మడియే. కాని నిరుడు వేసవిలో అది నాకు నేర్పిన పాఠము చిన్నది కాదు. ఆ పాఠమును తల్లిదండ్రులగు మీ ముందుంచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందులో ఒక లెక్క కలదు. ఆ లెక్కలో నేను చేసిన తప్పు కూడ కలదు.

కప్పు ఎందులకు?

హోసూరు ప్రాంతపు వేసవిని గూర్చి ఇక్కడ పుట్టి పెరిగిన మీకు నేను చెప్పవలసిన పని లేదు. మార్చి నెల వచ్చునప్పటికి మన ఎఱ్ఱనేల పైపొర గట్టిపడి బీటలు వాఱును. ఉదయము పోసిన నీటి తడి సాయంకాలమునకు కంటికి కానరాదు. ఆ దినములలో మన బడి బోరుబావి నుండి వచ్చు నీరు ముందు పిల్లల దాహమునకు, తరువాత భోజనపు పాత్రలు కడుగుటకు చెల్లవలయును. మిగిలినదే మడికి. కావున మడిలో పోసిన ప్రతి చెంబు నీరును వీలైనంత కాలము నేలలోనే నిలుపుకొనుట మనకు అవసరము.

ఇందులకు పెద్దలెఱిగిన ఉపాయము నేలను ఆకుతోనో, గడ్డితోనో కప్పుట. దీనిని కొందఱు ఆచ్ఛాదన యందురు. వ్యవసాయాధికారులు మల్చింగు అందురు. నేనీ వ్యాసమున ఆకుకప్పు అనియే వ్రాయుదును. ఆకుకప్పు ఎండను, గాలిని నేలకు నేరుగా తగులనీయదు. అందువలన తడి త్వరగా ఆఱిపోదు. పెద్దవాన కురిసినప్పుడు చినుకుల దెబ్బను తాను కాచుకొని మట్టి కొట్టుకొనిపోకుండ చేయును. వెలుతురు సోకనీయక కలుపు విత్తనములను మొలకెత్తనీయదు. కడకు తాను చివికి మట్టిలో కలిసి ఎరువగును.

ఐతే ఈ మేలంతయు కప్పు మందము సరిగా నున్నప్పుడే. మఱీ పలుచనైనచో ఎండ చొచ్చును, కలుపు పైకి వచ్చును. మఱీ దట్టమైనచో చిఱువాన నేలను చేరకయే కప్పులో ఇంకి ఆవిరియగును. వేళ్ళకు గాలియు సరిగా అందదు. కూరగాయల మడికి 5 మొదలు 7.5 సెంటీమీటర్ల వఱకును, పెద్ద చెట్ల పాదులకు 7.5 మొదలు 10 సెంటీమీటర్ల వఱకును ఉండుట మంచిది. లేతనారు నాటిన క్రొత్తలో 2, 3 సెంటీమీటర్లు చాలును. మొక్క ఎదిగిన కొలది మందము పెంచవచ్చును. విత్తనములు చల్లిన మడికి మొలకలు వచ్చి నిలద్రొక్కుకొను వఱకు దట్టమైన కప్పు పనికిరాదు.

లెక్క చేయు విధము

మడికి కావలసిన ఆకు పరిమాణమును కనుగొనుటకు పొడవు, వెడల్పు, మందము ఈ మూడింటిని గుణింపవలయును. ఇది ఘనపరిమాణపు లెక్క. పిల్లలు దీనిని పెట్టెలకును, నీళ్ళతొట్లకును చేయుచునే యుందురు. మడి కూడ ఒక పెట్టెయే; ఎత్తు తక్కువైన పెట్టె.

పొడవు వెడల్పులను మీటర్లలోను, మందమును సెంటీమీటర్లలోను కొలుచుట వలన పిల్లలు తికమక పడుదురు. ఆ చిక్కు విడుటకు ఒక్క సూత్రము జ్ఞాపకముంచుకొన్న చాలును. ఒక చదరపు మీటరు నేలమీద ఒక సెంటీమీటరు మందము పఱచుటకు 10 లీటర్లు పట్టును. ఎట్లన, చదరపు మీటరులో 10,000 చదరపు సెంటీమీటర్లు కలవు. వానిపై ఒక సెంటీమీటరు ఎత్తనగా 10,000 ఘన సెంటీమీటర్లు. వేయి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు గనుక అది 10 లీటర్లగును. కావున చదరపు మీటర్లను సెంటీమీటర్ల మందముచే గుణించి, వచ్చినదానిని పదింతలు చేసినచో లీటర్లు వచ్చును.

మన వంగమడి వైశాల్యము 4 × 1.2 = 4.8 చదరపు మీటర్లు. మందము 7.5 సెంటీమీటర్లు. 4.8 × 7.5 × 10 = 360 లీటర్లు. మన బడిలోని బకెట్టు 15 లీటర్లది. 360ని 15చే భాగింపగా 24 బకెట్లు.

నిరుడు ఏడవ తరగతి పిల్లలు ఈ లెక్కను నల్లబల్లమీద తప్పు లేకుండ చేసిరి. ఆ ఉత్సాహముతోనే ఆవరణలోని వేప, కానుగ చెట్ల క్రింద రాలిన ఎండుటాకులను ఊడ్చి, 24 బకెట్లు లెక్కపెట్టి తెచ్చి మడిలో పఱచిరి. స్కేలు నిలిపి చూడగా మందము సరిగా ఏడున్నర సెంటీమీటర్లుండెను. నేను సంతోషించితిని. పుస్తకములోని లెక్క నేలమీదకు దిగినదని పిల్లలతో చెప్పితిని.

నేను చేసిన తప్పు

ఆ మడిలో 14 వంగమొక్కలుండెను. ఒక్కొక్క మొక్క ప్రక్కన దానిని పెంచు బిడ్డ పేరు వ్రాసిన వెదురుపుల్ల నాటియుంటిమి. వేసవి సెలవులలో కావలివాడు రెండు దినముల కొకమారు నీరు పోయునట్లు ఏర్పాటు చేసి బడి మూసితిమి.

జూన్ నెలలో బడి తెఱచునప్పటికి తొమ్మిది మొక్కలు ఎండిపోయి యుండెను. కావలివానిని అడిగితిని. నీరు తప్పక పోసితినని అతడు చెప్పెను. తడి గుర్తులు చూడగా ఆ మాట నిజమే. మడివైపు వంగి చూచితిని. బెత్తెడు మందముండిన కప్పు రెండు వ్రేళ్ళ మందమునకు దిగిపోయి యుండెను. అక్కడక్కడ గాలికి చెదరి నేల బయటపడి యుండెను. కప్పు ఆరంభమున ఎంతయున్నదో కొలిచితినే గాని, అణగిన తరువాత ఎంత నిలుచునో నేను విచారింపలేదు. ఒక బాలిక ఏమియు మాటాడక తన పేరున్న పుల్లను పెఱికి సంచిలో పెట్టుకొని తరగతికి పోయెను. లెక్క తప్పు లేకుండ చేసిన బిడ్డ ఆమెయే. ఆమెకు ఏమి చెప్పవలయునో నాకు తోచలేదు.

అవ్వ చెప్పిన మాట

ఆ వారమే ఒక పిల్లవాని అవ్వ వానిని బడిలో దిగవిడుచుటకు వచ్చినది. ఆమె ఎన్నడును మన తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చినది కాదు. పిలిచినప్పుడెల్ల, చదువురాని దానను, అక్కడికి వచ్చి నేనేమి చేయుదునని మనుమనిచేత చెప్పి పంపెడిది. ఆ దినమున మడి దగ్గఱ నిలిచి చూచుచుండగా నేను జరిగినదంతయు చెప్పితిని. ఆమె కొంచెముసేపు ఆలోచించి ఇట్లనెను:

“అయ్యవారూ, మీ లెక్క బాగానే ఉండాది. ఆకే గాలి నింపుకోని ఉబ్బి ఉంటాది. తొక్కి కొలిచినారా, ఊరికే కొలిచినారా?”

ఊరికే కొలిచితిమి. ఆ దినమే పిల్లలచేత పరీక్ష చేయించితిని. వదులుగా నింపిన రెండు బకెట్ల ఆకును చేతితో అదిమి నింపగా ఒక్క బకెట్టులో పట్టినది. అనగా మేము వేసిన 24 బకెట్ల ఆకు నిజమునకు 12 బకెట్ల ఆకే. మడికి 24 బకెట్లు కావలయునన్నచో అదిమి కొలిచిన 24 వేయవలయును. లేదా వదులుగా కొలిచిన 48 వేయవలయును. మొక్కలకు నష్టము కలిగించినది గుణకారము కాదు, మా కొలతపద్ధతి.

అన్ని పదార్థములును ఒకే తీరున అణగవు. ఎండుటాకులు, గడ్డి ఎక్కువగా దిగును. వేరుసెనగ పొట్టు, చెక్కపేళ్ళు తక్కువగా దిగును. కావున మీరు వాడు పదార్థమును ఒక బకెట్టులో వదులుగా నింపి, అదిమి, ఎంతకు దిగినదో చూచుకొనుడు. సగమునకు దిగినచో లెక్కకు రెండింతలు. మూడింట రెండువంతులకు దిగినచో ఒకటిన్నర రెట్లు తెచ్చుకొనవలయును. భిన్నముల పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

బెత్తెడు అనగా నెంత?

“ఎంత మందము వేయవలయును అవ్వా?” అని అడిగితిని. ఆమె నాలుగు వ్రేళ్ళు చేర్చి మడిలో అడ్డముగా నిలిపి, “బెత్తెడు” అనెను. పిల్లలు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. బెత్తెడు అనగా నేమో తరగతిలో ఇద్దఱికి మాత్రమే తెలియును. స్కేలు పెట్టి చూడగా అవ్వ బెత్తెడు ఏడు సెంటీమీటర్లకు కొంచెము పైన నుండెను. నేను పుస్తకము చూచి వ్రాసికొన్న ఏడున్నర ఆమె చేతిలోనే యుండెను.

మన దేశమున 1956వ సంవత్సరపు చట్టము ననుసరించి 1958 నుండి క్రమముగా మెట్రిక్ కొలతలు అమలులోనికి వచ్చినవి. పిల్లలు వానిని నేర్చుకొనుట తప్పదు, మంచిదియు. ఐనను ఇంటి కొలతలు పూర్తిగా పోలేదు. పూలమ్మువారు నేటికిని మూరతోనే మల్లెలను కొలుతురు. బెత్తెడు నాలుగు వ్రేళ్ళ వెడల్పు. మూడు బెత్తెలు ఒక జాన. రెండు జానలు ఒక మూర. అనగా మూరకు ఆఱు బెత్తెలు.

ఈ కొలతలతోను లెక్క చక్కగా సాగును. మీ పెరటిలో 6 మూరల పొడవు, 2 మూరల వెడల్పు గల మడి యున్నదనుకొందము. వైశాల్యము 12 చదరపు మూరలు. బెత్తెడు మందమనగా మూరలో ఆఱవ వంతు. 12ను 6చే భాగింపగా 2 ఘనపు మూరలు. మూరకు సుమారు 45.7 సెంటీమీటర్లు గనుక ఒక ఘనపు మూర ఇంచుమించు 95 లీటర్లు. రెండింటికి 190 లీటర్లు. అనగా 15 లీటర్ల బకెట్టుతో అదిమి కొలిచిన 13 బకెట్లు. ఒకే మడిని బిడ్డ మీటర్లలోను, మీరు మూరలలోను కొలిచి, రెండు జవాబులు దగ్గఱపడునో లేదో చూడుడు. ఎవరి చేయి ఎంత పొడవో దానినిబట్టి కొంచెము తేడా వచ్చును. ఆ తేడా ఎందుకు వచ్చినదని బిడ్డ అడిగినచో, అందఱికి ఒకే కొలత ఎందులకు కావలసి వచ్చెనో అప్పుడు వానికి తెలియును.

చెట్లకు, కుండీలకు

చెట్టు పాదు గుండ్రముగా నుండును. దాని వైశాల్యమునకు వ్యాసార్ధమును వ్యాసార్ధముచే గుణించి, మరల 3.14చే గుణింపవలయును. ఐతే ఆకును చెట్టు మొదలునకు ఆనించి వేయరాదు. మొదటిచుట్టు ఎల్లప్పుడు చెమ్మగా నున్నచో బెరడు కుళ్ళును. అందువలన పెద్ద చెట్టునకు మొదటిచుట్టు జానెడు చోటైనను, కూరగాయ మొక్కకు రెండు మూడు వ్రేళ్ళ చోటును ఖాళీగా విడువవలయును.

ఒక మామిడిచెట్టు నడుమ నుండి పాదు అంచు వఱకు 1 మీటరు, ఖాళీగా విడుచు చోటి అంచు వఱకు 0.3 మీటరు అనుకొందము. పెద్ద వలయము 3.14 × 1 × 1 = 3.14, చిన్న వలయము 3.14 × 0.3 × 0.3 = 0.28, తీసివేయగా 2.86 చదరపు మీటర్లు. మందము 10 సెంటీమీటర్లైనచో 2.86 × 10 × 10 = 286 లీటర్లు; అనగా 19 బకెట్లు.

పెరడు లేనివారు నిరాశ పడనక్కఱలేదు. 30 సెంటీమీటర్ల వెడల్పు గల కుండీకి వ్యాసార్ధము 15. 3.14 × 15 × 15 = 706.5 చదరపు సెంటీమీటర్లు. మూడు సెంటీమీటర్ల కప్పునకు రెండు లీటర్లపైన కొంచెము చాలును. ఒక తులసికుండీతోనైనను ఈ పాఠము నేర్పవచ్చును.

మరల నింపునప్పుడు

కప్పు ఒక్కమారు వేసి మఱచునది కాదు. అది చివికి తగ్గుచుండును. ప్రతి నెల ఐదు చోట్ల పుల్ల గ్రుచ్చి మందము చూచి సగటు తీయవలయును. ఈ ఏట ఫిబ్రవరిలో మా మడిలో 5, 4, 3, 4, 4 సెంటీమీటర్లు వచ్చెను. మొత్తము 20, సగటు 4. కావలసినది 7.5, తక్కువైనది 3.5. కావున 4.8 × 3.5 × 10 = 168 లీటర్లు. ఇది 11 బకెట్లకు కొంచెము ఎక్కువ. మేము 12 బకెట్లు వేసితిమి. లోపించినంత మాత్రమే నింపుటచే ఆకు వృథా కాదు.

కప్పు వేయుటకు ముందు నేలను బాగుగ తడిపి, కలుపు తీయవలయును. పొడినేలను కప్పినచో పొడితనమునే కాపాడినట్లగును. చెదలున్న నేలలో వారమునకొకమారు కప్పెత్తి చూచుచుండవలయును.

ఏ ఆకు, ఎక్కడినుండి?

వేసవికి ముందు వేప, కానుగ ఆకులు విరివిగా రాలును. వానిని ఊడ్చి తగులబెట్టుట మన వీధులలో వాడుకయై పోయినది. ఆ పొగ పిల్లల కన్నులకు, ఊపిరికి చేటు. తగులబెట్టెడి ఆకే మడికి కప్పు. తెగులు సోకిన ఆకును, గింజ పట్టిన వయ్యారిభామను మాత్రము చేర్చరాదు. నీలగిరి ఆకు విత్తనముల మొలకకు అడ్డము వచ్చును గనుక దానిని కూరగాయల మడికి దూరముగా నుంచుట మేలు.

రాగిగడ్డిని గూర్చి ఒక మాట. అది మన ప్రాంతమున పశువుల నోటి కూడు. వేసవిలో పశువు నోటి నుండి తీసి మడికి కప్పుట న్యాయము కాదు. గాటిలో పశువు తొక్కి విడిచిన గడ్డి యున్నచో దానిని వాడవచ్చును.

ఆకు చాలనప్పుడు ఏమి చేయవలయునని పిల్లలడిగిరి. ఉన్న ఆకును మడులన్నింటిపై పలుచగా చల్లుట మొదట న్యాయముగ తోచును. కాని రెండు వ్రేళ్ళ కప్పు ఏమి చేసెనో మేము కన్నులార చూచితిమి. ఆకు సగమే యున్నచో సగము మడులకే సరియైన మందము వేసి, తక్కిన మడులను ఆ వేసవికి ఖాళీగా విడుచుట మంచిది. ఎన్ని మడులు కాపాడగలమో ముందుగ తెలిసికొనుటకు లెక్కను త్రిప్పి చేయవలయును. అదిమి కొలిచిన 20 బకెట్ల ఆకు, అనగా 300 లీటర్లు, ఉన్నదనుకొందము. దానిని 10చేతను, పిదప 7.5చేతను భాగింపగా 4 చదరపు మీటర్లు. అంతకు మించి నాటరాదు.

తల్లిదండ్రులకు మనవి

మీలో కొందఱు, మేము చదువుకొనలేదు, బిడ్డ చదువు అయ్యవార్ల పని, అని చెప్పుట వినియున్నాను. మఱికొందఱు, ఈ ఊరిలో తెలుగులో చదివిన చదువు ఎచ్చట ఉపయోగపడునని అడుగుట కూడ వినియున్నాను. రెండవ ప్రశ్నకు నేను పెద్ద జవాబు చెప్పజాలను. నిరుడు మన మడిలో తొమ్మిది మొక్కలు పోయినప్పుడు, తప్పెక్కడనున్నదో చెప్పినవారు బడి మెట్టెక్కనొల్లని ఒక అవ్వ యని మాత్రము చెప్పగలను. ఆమె చెప్పినది పిల్లలకు వెంటనే బోధపడెను. ఏలయన అది వారి యింటి మాట. పిల్లల లెక్క ఆమెకు బోధపడెను. ఏలయన వారు దానిని తెలుగులో చెప్పిరి. ఆ రెండును కలియనంతకాలము మడి ఎండినది.

కావున రాబోవు మాఘమాసమున ఆకు రాలుట మొదలైనప్పుడు మీ బిడ్డను వెంటబెట్టుకొని మడి కొలువుడు. బిడ్డ స్కేలు పట్టనిండు. మీరు బెత్త పట్టుడు. ఆకును అదిమి కొలువుడు. ఒక గోనెసంచిలో ఎన్ని బకెట్లు పట్టునో బిడ్డచేతనే సంచిమీద బొగ్గుతో వ్రాయించుడు.

ఈ వేసవిలో మన వంగమడికి అదిమి కొలిచిన ఆకునే వేసి, నెలనెల సరిచూచితిమి. మరల 14 మొక్కలు నాటగా 13 నిలిచినవి. ఆ బాలిక తన పాత పుల్లనే తెచ్చి మరల నాటినది. అవ్వ నెలకొకమారు వచ్చి బెత్త పెట్టి చూచి పోవుచున్నది. జూలైలో జరిగిన సమావేశమునకు కూడ ఆమె వచ్చి, ముందు వరుసలో కూర్చున్నది.